ఒకే ఎముకకు మూడు వయసులు



మా నాయనమ్మకు మూడు వయసులు ఉండేవి. రేషను కార్డులో ఒకటి. ఓటరు కార్డులో ఇంకొకటి. పింఛను కాగితంలో మరొకటి. అసలు వయసెంత నాయనమ్మా అని అడిగితే, "పెద్ద గాలివాన వచ్చిన ఏడు నాకు పెళ్లయింది, లెక్కేసుకో" అనేది. మీ ఇళ్లలోనూ ఇలాంటి పెద్దవాళ్లు ఉండే ఉంటారు. మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడుతుంటేనే వయసు తేలడం ఇంత కష్టం. మరి మనిషే లేడు. పేరు లేదు, ఊరు లేదు, కాగితం లేదు. ఒక గుహలో అరచేతిలో పట్టేంత ఎముక ముక్క మిగిలింది. దాని వయసు ఎలా తేలుతుంది?

ఈ వేళ ఆ కథే చెప్పుకుందాం. ఇది నిజంగా జరిగిన కథ.

యూరప్‌లో క్రొయేషియా అనే చిన్న దేశం ఉంది. ఆ దేశం ఉత్తర భాగంలో, కొండల్లో విండియా అనే గుహ ఉంది. అక్కడ తవ్వితే నియాండర్తల్ మనుషుల ఎముకలు దొరికాయి. నియాండర్తల్ అంటే మనకు దాయాదుల్లాంటి వాళ్లు. మన జాతి కాదు, కానీ మనకు చాలా దగ్గర. ఇప్పుడు భూమ్మీద ఎక్కడా లేరు.

ఆ ఎముకల్లో రెండింటికి వయసు కట్టారు. ఫలితం 1999లో బయటికి వచ్చింది. 28,000, 29,000 ఏళ్లు అని తేలింది. శాస్త్రలోకం ఆశ్చర్యపోయింది. ఎందుకంటే అప్పటికే యూరప్ అంతటా మన జాతి మనుషులు నిండిపోయి చాలా కాలమైంది. అంటే ఆ దాయాదులు ఈ గుహలో, మన పక్కనే, వేల ఏళ్లు బతికి ఉన్నారన్నమాట! దాని మీద చర్చలు జరిగాయి, వ్యాసాలు వచ్చాయి.

2006లో అవే ఎముకలను మళ్లీ పరీక్షించారు. ఈసారి 32,000, 33,000 ఏళ్లు అని వచ్చింది.

2017లో ముచ్చటగా మూడోసారి పరీక్షించారు. ఈసారి 44,000 ఏళ్లకు పైమాటే అని తేలింది.

గమనించారా? అవే ఎముకలు. ఎముక మారలేదు. మొదటి లెక్కకూ చివరి లెక్కకూ మధ్య 15,000 ఏళ్ల తేడా. మన రాతల చరిత్ర మొత్తం పోగేసినా అంత ఉండదు.

మరి ఏం మారింది? యంత్రమా? యంత్రాలు మెరుగైన మాట నిజమే. కానీ అసలు మారింది అది కాదు. ఎముకను శుభ్రం చేసే పద్ధతి మారింది. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ మళ్లీ ఈ మాట దగ్గరికే వస్తాం. ఎముక వయసు కట్టడంలో కొలవడం కంటే కడగడం కష్టం.

ముందు కొలత సంగతి చూద్దాం.

మనం తినే అన్నంలో, కూరలో, పీల్చే గాలిలో కార్బన్ ఉంటుంది. బొగ్గులో ఉండేది అదే. అందులో అతి కొద్దిగా ఒక ప్రత్యేకమైన రకం కలిసి ఉంటుంది. దాని పేరు కార్బన్-14. ఆకాశంలో చాలా ఎత్తున, అంతరిక్షం నుంచి వచ్చే కిరణాలు గాలిలోని నత్రజనిని తాకినప్పుడు అది పుడుతుంది. గాలిలోంచి మొక్కలోకి, మొక్కలోంచి మేకలోకి, మనిషిలోకి వస్తుంది. బతికున్నన్నాళ్లూ తిండితో పాటు చేరుతూనే ఉంటుంది. ప్రాణం పోయిన రోజున ఆ రాక ఆగిపోతుంది. అక్కణ్నుంచి ఖర్చే తప్ప జమ లేదు. 5,730 ఏళ్లకు సగమవుతుంది. ఇంకో 5,730 ఏళ్లకు ఆ సగంలో సగమవుతుంది.

దీన్ని గడియారంగా వాడుకోవచ్చని కనిపెట్టినవాడు అమెరికా శాస్త్రవేత్త విల్లార్డ్ లిబీ. 1940ల చివర్లో ఆ పని చేశాడు. 1960లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

దీన్నే రూపాయల్లో చెప్పుకుందాం. చనిపోయిన రోజున ఎముక దగ్గర 100 రూపాయలు ఉన్నాయనుకోండి. 5,730 ఏళ్లకు 50 రూపాయలు. మళ్లీ అన్నేళ్లకు 25. ఇలా తరుగుతూ తరుగుతూ 40,000 ఏళ్ల నాటికి ఎంత మిగులుతుందో తెలుసా? సుమారు 80 పైసలు. నూరు రూపాయల్లో 80 పైసలు!

ఇప్పుడు ఆ ఎముకలోకి ఈ కాలపు మురికి ఒక్క శాతం చేరిందనుకోండి. ఈ కాలపు మురికి అంటే కొత్త కార్బన్. దాని జేబు నిండుగా ఉంటుంది. ఒక్క శాతమంటే ఒక రూపాయి వచ్చి కలుస్తుంది. ఎముక సొంత సొమ్ము 80 పైసలు, పరాయి సొమ్ము రూపాయి. మొత్తం రూపాయి 80 పైసలు. యంత్రానికి ఏది సొంతమో, ఏది పరాయిదో తెలియదు. ఉన్నదంతా లెక్కపెట్టి, ఈ ఎముక వయసు 33,000 ఏళ్లే అని చెబుతుంది. ఒక్క శాతం మురికికి 7,000 ఏళ్లు ఎగిరిపోయాయి.

అదే 2,000 ఏళ్ల నాటి ఎముక అయితే? శాతవాహనుల కాలం నాటిది అనుకుందాం. దాని దగ్గర ఇంకా 78 రూపాయలు ఉంటాయి. అదే మురికి అంతే కలిసినా తేడా పాతికేళ్లు కూడా రాదు. ఎముక ఎంత పాతదైతే మురికి అంత ప్రమాదం. విండియా గుహ ఎముకల విషయంలో జరిగింది ఇదే.

ఆ మురికి ఎక్కణ్నుంచి వస్తుంది? మట్టిలోంచి వస్తుంది. కుళ్లిన ఆకుల రసం వానతో పాటు లోపలికి దిగుతుంది. చెట్ల వేళ్లు ఎముకలో దూరతాయి. సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. ఇవన్నీ ప్రకృతి చేసేవి. మనిషి చేసేది ఇంకొకటి ఉంది, నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే. ఎముక విరిగిపోకుండా ఉండాలని పాత రోజుల్లో మ్యూజియాల వాళ్లు జిగురు పూసేవారు, వార్నిష్ పట్టించేవారు. ప్రేమతోనే చేశారు, కాపాడుదామనే చేశారు. కానీ ఆ జిగురులో కార్బన్ ఉంటుంది. అది ఎముక నరనరానా ఇంకిపోతుంది. విండియా ఎముకలను చెడగొట్టిన వాటిలో ఈ పూతలూ ఉండి ఉండొచ్చు.

సరే, ఈ మురికిని ఎలా వదిలించాలి? దీనికి మిమ్మల్ని ఒకసారి వంటింట్లోకి తీసుకెళతాను.

మేకకాళ్ల పులుసు మీలో చాలామందికి తెలుసు. హైదరాబాద్ వాళ్లయితే పాయా అంటారు. మా ఇంట్లో చలికాలం రాత్రి పొయ్యి మీద పెడితే, సన్నని సెగ మీద తెల్లవార్లూ ఉడికేది. ఉదయం వేడివేడిగా తింటాం. మిగిలింది గిన్నెలో అలా వదిలేస్తే మధ్యాహ్నానికి ఏమవుతుంది? గడ్డకడుతుంది. గిన్నె వంచినా జారదు. వేలితో తాకితే జున్నులా వణుకుతుంది. పెదవులకు రాసుకుంటే అంటుకుపోతుంది. ఆ గడ్డకట్టిన జిగట ఎక్కణ్నుంచి వచ్చింది? ఎముకలోంచే వచ్చింది. దాని పేరు కొల్లాజెన్. అది మాంసకృత్తు.

మన ఎముక సుద్దలాంటి ఖనిజమూ, ఈ కొల్లాజెనూ కలిసి అల్లుకున్న వస్తువు. ఖనిజం గట్టితనం ఇస్తుంది. కొల్లాజెన్ సాగే గుణం ఇస్తుంది. కోడికాలి ఎముకను నాలుగైదు రోజులు వెనిగర్‌లో నానబెట్టి చూడండి. ఖనిజం కరిగిపోతుంది. ఎముక ఆకారం అలాగే ఉంటుంది, కానీ రబ్బరులా వంగుతుంది. పిల్లలకు చూపిస్తే కళ్లు పెద్దవి చేసుకుని చూస్తారు. ఆ వంగే పదార్థమే కొల్లాజెన్.

వయసు కట్టేవాళ్లకు కావలసింది అది. ఖనిజం భాగం భూమిలో ఉన్నన్నాళ్లూ చుట్టూ ఉన్న నీళ్లతో ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటుంది, దాన్ని నమ్మలేం. కొల్లాజెన్ మాత్రం ఆ మనిషి తిన్న తిండితో, ఆ మనిషి ఒంట్లో తయారైంది. అది సొంత సొమ్ము.

1971లో లోంజాన్ అనే శాస్త్రవేత్త ఒక పద్ధతి చెప్పాడు. ముందు ఎముక పొడిని పలచని ఆమ్లంలో వేసి ఖనిజాన్ని తీసేయాలి. తరవాత కొద్దిగా పులుపు కలిసిన వేడినీళ్లలో ఉంచాలి. కొల్లాజెన్ కరిగి నీళ్లలోకి వస్తుంది, చెత్త అడుగున ఉండిపోతుంది. మన పాయా లాంటిదే. ప్రపంచంలోని ప్రయోగశాలల్లో చాలా వరకు ఇప్పటికీ ఈ దారినే నడుస్తున్నాయి.

అయితే ఆ పులుసులో మురికి తునకలు కూడా కరిగి ఉంటాయి కదా. 1988లో దానికి ఇంకో మెట్టు చేర్చారు. చాలా సన్నని జల్లెడ లాంటి వడపోత. కొల్లాజెన్ పోగులు పెద్దవి కాబట్టి పైన నిలుస్తాయి. చిన్న చిన్న మురికి తునకలు కిందికి జారిపోతాయి. ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ప్రయోగశాల ఈ వడపోతను బాగా వాడుకలోకి తెచ్చింది. విండియా ఎముకలకు 2006లో వచ్చిన వయసు ఈ వడపోత తరవాత వచ్చిందే.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. ఆ జల్లెడ ఎండిపోకుండా ఉండటానికి, తయారుచేసేవాళ్లు దానికి గ్లిజరిన్ పూసి పంపుతారు. గ్లిజరిన్‌లోనూ కార్బన్ ఉంటుంది! శుభ్రం చేసే జల్లెడే మురికి అంటిస్తుందన్నమాట. అందుకని వాడే ముందు ఆ జల్లెడను ఎన్నోసార్లు కడగాలి. కడిగేదాన్ని కూడా కడగాలి. ఈ పనిలో ఉన్నవాళ్ల ఓపికకు నేను చేతులెత్తి దణ్ణం పెడతాను.

అయినా చాల్లేదు. కొల్లాజెన్ పోగులకే గట్టిగా అతుక్కున్న జిగురు ఆ జల్లెడలో పడదు. మరేం చేయాలి?

కొల్లాజెన్ ఒక దండ అనుకోండి. అందులో రకరకాల పూసలు ఉంటాయి. వాటినే అమైనో ఆమ్లాలు అంటారు. ఆ పూసల్లో ఒకటి హైడ్రాక్సీప్రోలిన్. కొల్లాజెన్‌లో సుమారు పదో వంతు అదే. మిగతా చోట్ల అది చాలా అరుదు. కాబట్టి దండ మొత్తం తెంపి, పూసలన్నీ విడదీసి, ఆ ఒక్క రకం పూసలనే ఏరుకుంటే? మిగతాదంతా పారేస్తే? అప్పుడు చేతిలో ఉన్నది ఎముక సొంత సొమ్మే అని చాలా ధైర్యంగా చెప్పొచ్చు. బియ్యంలో రాళ్లు ఏరడం పాత పద్ధతి. ఇది రాళ్లను అలా ఉంచి, గింజలను ఒక్కొక్కటిగా ఏరుకోవడం.

2017లో చేసింది ఇదే. శాస్త్రవేత్తలు తిబో దెవియెస్, టామ్ హైయమ్, వాళ్ల సహచరులు కలిసి విండియా ఎముకల నుంచి ఆ ఒక్క పూసను ఏరి కొలిచారు. 44,000 ఏళ్లకు పైమాట అని తేలింది. దాంతో ఒక పెద్ద కథ కూలిపోయింది. ఆ గుహలో దాయాదులు మనవాళ్ల పక్కన వేల ఏళ్లు బతికారన్న కథ. ఇప్పుడు తెలుస్తున్నదేమంటే, తూర్పు యూరప్‌కు మనవాళ్లు రాకముందే బహుశా ఆ గుహ మనుషులు గతించారు. ఆ ఎముకలు దొరికిన పొరలోనే కొత్తరకం ఎముక పనిముట్లూ దొరికాయి, అవి తరవాతి కాలానివి. మట్టి పొరలు కలగాపులగమై అవీ ఇవీ ఒకచోట చేరి ఉండాలి.

ఇది సర్వరోగ నివారిణి అనుకోకండి. పూర్వం కొన్నిచోట్ల పశువుల ఎముకలు, చర్మాలు ఉడికించి తీసిన జిగురునే పూశారు. అది కూడా కొల్లాజెనే. దాంట్లోనూ అదే పూస ఉంటుంది. అప్పుడు ఈ పద్ధతి కూడా చేతులెత్తేస్తుంది.

కడగడం అయింది. ఇక లెక్క సరిపోయినట్టేనా? ఇంకో చిక్కుంది. ఆ మనిషి ఏం తిన్నాడు?

ఇంగ్లండ్‌లో రెప్టన్ అనే ఊరు ఉంది. అక్కడ ఒక పెద్ద సమాధిలో కనీసం 264 మంది ఎముకలు దొరికాయి. క్రీ.శ. 873లో ఓడల మీద వచ్చి దాడులు చేసే వైకింగుల మహా సైన్యం చలికాలం అక్కడ మకాం వేసిందని చరిత్రలో రాసి ఉంది. ఎముకలతో పాటు దొరికిన నాణేలు కూడా 870ల నాటివే. ఇంకేం, సైనికులే అనుకున్నారు. కానీ ఎముకలకు వయసు కడితే కొన్ని 7వ, 8వ శతాబ్దానివని వచ్చాయి. వైకింగులు రావడానికి వంద రెండు వందల ఏళ్ల ముందువి. ఏళ్ల తరబడి ఈ ముడి వీడలేదు.

చివరికి క్యాట్ జార్మన్ అనే పురావస్తు పరిశోధకురాలు ఆ ముడి విప్పారు. 2018లో ఆ ఫలితం వచ్చింది. ముడి చేపల్లో ఉంది! సముద్రం అడుగు నీళ్లలో కార్బన్ ఎంతో కాలం నిలవ ఉండిపోతుంది. దాన్ని తిని పెరిగిన చేప నిన్న పట్టినదే అయినా, కార్బన్ లెక్కలో సుమారు 400 ఏళ్ల ముసలిది. ఆ చేపలు తిన్న మనిషి ఎముక కూడా ఉన్న వయసు కంటే ముసలిగా కనిపిస్తుంది. ఎవరు ఎంత చేప తిన్నారో ఆ ఎముకే చెబుతుంది, దానికి వేరే పరీక్ష ఉంది. ఆ లెక్క సరిచేస్తే ఆ ఎముకల వయసులు 9వ శతాబ్దానికి సరిపోయాయి.

మన కాకినాడ, మచిలీపట్నం వైపు తరతరాలుగా సముద్రం చేప తిన్న కుటుంబాలకూ ఇదే లెక్క వర్తిస్తుంది. మురికి ఎముకను పడుచుదాన్ని చేస్తుంది. చేప ఎముకను ముసలిదాన్ని చేస్తుంది. రెండూ గుర్తుంచుకోవాలి.

మన దేశం మాటకొద్దాం. హిమాలయాల్లో, ఉత్తరాఖండ్‌లో, 5,000 మీటర్లకు పైన రూప్‌కుండ్ అనే చిన్న సరస్సు ఉంది. చుట్టూ వందల మంది అస్థిపంజరాలు. కొన్ని ఎముకలకు వయసు కట్టి, 9వ శతాబ్దంలో ఒకే విపత్తులో అందరూ చనిపోయారని చాలాకాలం అనుకున్నాం. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో కుమారస్వామి తంగరాజ్ బృందం, విదేశీ శాస్త్రవేత్తలతో కలిసి, ఒకటి రెండు ఎముకలతో సరిపెట్టుకోకుండా పదుల మంది ఎముకలను విడివిడిగా పరీక్షించింది. 38 మంది జన్యువులు చదివారు. వాళ్లలో దాదాపు అందరికీ విడివిడిగా వయసు కట్టారు. 2019లో ఫలితం వచ్చింది. అందులో 23 మంది మన ఉపఖండం వాళ్లు, క్రీ.శ. 800 ప్రాంతం వాళ్లు, వాళ్లు కూడా ఒకేసారి చనిపోలేదు. 14 మంది మధ్యధరా సముద్రం తూర్పు ప్రాంతాల వాళ్లు. ఒకరు ఆగ్నేయాసియా మనిషి. ఈ పదిహేను మంది చనిపోయింది క్రీ.శ. 1800 ప్రాంతంలో! ఒకే సరస్సు ఒడ్డున పక్కపక్కన పడి ఉన్న రెండు ఎముకల మధ్య వెయ్యేళ్లు. అంత దూరం నుంచి వచ్చినవాళ్లెవరో, ఆ మంచుకొండకు ఎందుకు ఎక్కారో ఇంకా తేలలేదు. కానీ ఒక ఎముక వయసును పక్క ఎముకకు అంటగట్టకూడదని మన హైదరాబాద్‌లో జరిగిన పని లోకానికి చూపించింది. నాకు అది గర్వంగా ఉంటుంది.

రూప్‌కుండ్‌లో చలి ఎముకలను కాపాడింది. మన నేల అలా కాదు. మన ఎండకు, వానకు భూమిలో కొల్లాజెన్ తొందరగా నశిస్తుంది. వేల ఏళ్ల నాటి ఎముక దొరికినా, చాలాసార్లు లోపల ఖనిజం తప్ప ఏమీ ఉండదు. అలాంటప్పుడు ఎముక మాట్లాడదు.

మరి కాలిన ఎముకలు? చితిలో కాలితే కొల్లాజెన్ మొత్తం పోతుంది. అందుకని చాలాకాలం అస్థికలకు వయసు కట్టలేమనే అనుకున్నారు. కానీ నెదర్లాండ్స్‌లో లాంటింగ్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక విషయం గమనించారు. ఎముక తెల్లగా అయ్యేదాకా బాగా కాలితే, ఖనిజం మళ్లీ గట్టిగా పేరుకుని, లోపల కొంచెం కార్బన్‌ను బంధించేస్తుంది. ఇక బయటి నీళ్లు దాన్ని తాకలేవు. అలాంటి తెల్లని ఎముకకు వయసు కట్టొచ్చు. అయితే ఆ కార్బన్‌లో కొంత చితి కట్టెలది కూడా ఉంటుంది. వందేళ్ల మాను నరికి చితి పేర్చి ఉంటే, ఆ మేరకు ఎముక వయసు పెరిగి కనిపిస్తుంది. దహనం ఆచారమైన మన దేశానికి ఈ పద్ధతి ఎంత అక్కరకొస్తుందో ఆలోచించండి.

చివరగా మీతో ఒక మాట. తెలంగాణలో, రాయలసీమలో, కోస్తాలో చెరువు పూడిక తీసేటప్పుడు, ఇంటి పునాది తవ్వేటప్పుడు, రోడ్డు వేసేటప్పుడు పాత సమాధులు బయటపడుతూనే ఉంటాయి. మనం రాకాసి గుళ్లు అంటాం. బండల మధ్య కుండలు, ఇనుప ముక్కలు, ఒక్కోసారి ఎముకలు. దయచేసి తవ్వకం ఆపండి. ఎముకను అక్కడే ఉంచండి. ఇంతసేపూ కడగడం గురించే చెప్పాను కానీ, మీరు మాత్రం కడగకండి. ఆ పని ప్రయోగశాలది. పసుపునీళ్లు చల్లకండి. జిగురు, వార్నిష్, రంగు పూయకండి. అంటిన మట్టిని అలాగే ఉండనివ్వండి. తహశీల్దారుకో, పురావస్తు శాఖకో, దగ్గరలో ఉన్న మ్యూజియానికో కబురు చేయండి. వాళ్లు వచ్చేదాకా ఎండ, వాన తగలకుండా పైన ఒక రేకు కప్పండి, చాలు. ఆ ఎముకలో వేలిగోరంత కొల్లాజెన్ మిగిలి ఉన్నా, దాన్ని చదవగలిగే చేతులు ఇప్పుడు ఉన్నాయి.